తొలి పంతులమ్మ సావిత్రిబాయి ఫూలే



మహిళా ఉపాధ్యాయ దినోత్సవం సందర్భంగా తెస్తున్న ఈ ప్రత్యేక సంచికకు సావిత్రిబాయి ఫూలే జీవితం గురించి రాయమని మన సంఘం కార్యదర్శిగారు నన్ను పురమాయించారు. నేను పంతులుని కాను. ఒక విద్యాశాఖ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, ముప్పై అయిదేళ్ళకు పైగా పంతుళ్ళ, పంతులమ్మల సర్వీసు రిజిస్టర్లు రాసి, సెలవు లెక్కలు కట్టి రిటైరైనవాణ్ణి. అయినా ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో చివర మనవి చేస్తాను.

సావిత్రిబాయి పుట్టినరోజైన జనవరి 3వ తేదీని మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా జరపాలని తెలంగాణ ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. అంతకు ముందే, 1998లో తపాలా శాఖ ఆమె పేర స్టాంపు విడుదల చేసింది. 2014లో పుణె విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. ఇన్ని గౌరవాలు అందుకున్న ఆ మహాతల్లి బతికుండగా బడికి ఎలా వెళ్ళివచ్చిందో తెలుసుకుంటే, ఈ గౌరవాల విలువ మనకు మరింత బాగా తెలుస్తుంది.

పుట్టిల్లు, మెట్టినిల్లు

సావిత్రిబాయి 1831 జనవరి 3న మహారాష్ట్రలో సతారా జిల్లా నయగావ్ గ్రామంలో జన్మించింది. తండ్రి ఖండోజీ నెవసే పాటిల్, తల్లి లక్ష్మీబాయి. వారిది మాలీ కులం, వ్యవసాయ కుటుంబం. ఆనాటి ఆచారం ప్రకారం 1840లో, తొమ్మిదేళ్ళ వయసులో ఆమెకు పెళ్ళి చేశారు. వరుడు పుణెకు చెందిన జ్యోతిరావు ఫూలే. ఆయనకప్పుడు పదమూడేళ్ళు.

అత్తవారింట అడుగుపెట్టేనాటికి ఆమెకు అక్షరం ముక్క రాదు. మొదటి గురువు భర్తే. జ్యోతిరావును చిన్నతనంలో తల్లిలా పెంచిన బంధువు సగుణాబాయి కూడా ఆమెతో పాటు చదువుకుంది. తర్వాత సావిత్రిబాయి అహ్మద్‌నగర్‌లో అమెరికన్ మిషనరీ మిస్ ఫరార్ నడిపిన సంస్థలోను, పుణెలోని నార్మల్ స్కూలులోను బోధనలో శిక్షణ పొందింది. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే ఆమె ట్రెయిన్డ్ టీచరు. ఏదో సేవాభావంతో పిల్లలకు నాలుగు ముక్కలు చెప్పిన ఇల్లాలు కాదు, వృత్తి నేర్చుకుని ఆ వృత్తిలో దిగిన మనిషి. ఈ సంగతి ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, పంతులమ్మ పని ఇంటిపనికి కొనసాగింపే కదా, దానికి పెద్ద నేర్పెందుకని తేలిగ్గా మాట్లాడేవారిని నా ఉద్యోగకాలం అంతా చూశాను.

బడి తెరిచారు

1848లో పుణె బుధవారపేటలోని భిడేవాడలో ఫూలే దంపతులు ఆడపిల్లల కోసం బడి తెరిచారు. మన దేశస్థులు సొంతంగా నడిపిన ఆడపిల్లల బడిలో తొలి పంతులమ్మగా సావిత్రిబాయి ప్రసిద్ధి పొందింది. అప్పటికి ఆమెకు పదిహేడేళ్ళు. మొదట్లో చేరిన పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టదగినంత మందే.

మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టింది 1874లో. అంటే పుణెలో ఈ బడి తెరిచిన ఇరవై ఆరేళ్ళకు. ఇద్దరిలో ఎవరు గొప్ప అని తూచడానికి ఈ లెక్క చెప్పడం లేదు. సావిత్రిబాయి బడికి బయల్దేరిన రోజున ఆమెకు ముందు నడిచినవారు ఎంత తక్కువో గ్రహించడానికి చెబుతున్నాను.

మొదటి బడి ఎక్కువ కాలం నిలవలేదు. వారు మళ్ళీ మొదలుపెట్టారు. 1851 జులైలో బుధవారపేటలోనే చిప్లూంకర్ వాడలో బాలికల బడి తెరిచారు. దానికి సావిత్రిబాయి ప్రధానోపాధ్యాయిని. అదే ఏడాది సెప్టెంబరులో రాస్తాపేటలో, 1852 మార్చిలో వేతాళపేటలో మరో రెండు బడులు వచ్చాయి. మహార్, మాంగ్ కులాల పిల్లలకూ బడులు పెట్టారు. ఆ బడుల్లో చదివిన ముక్త అనే మాంగ్ బాలిక తన కులంవారు పడుతున్న బాధల గురించి రాసిన వ్యాసం 1855లో జ్ఞానోదయ పత్రికలో అచ్చయింది. ఒక టీచరు పనితనానికి ఇంతకంటే మంచి ఇన్‌స్పెక్షన్ రిపోర్టు ఉండదని నా అభిప్రాయం.

దారిలో జరిగింది

బడిలో పాఠం చెప్పడం ఆమెకు కష్టం కాలేదు. బడి దాకా చేరడమే కష్టమైంది.

ఆడది చదివితే విధవ అవుతుందని, చదివిన భార్య వడ్డించే అన్నంలో మెతుకులు పురుగులవుతాయని అప్పట్లో నమ్మేవారు. అటువంటి ఊళ్ళో పదిహేడేళ్ళ కోడలు పుస్తకం పట్టుకుని వీధి వెంట నడిచి వెళ్ళి పరాయి పిల్లలకు చదువు చెప్పడం చాలామందికి ఘోరమైన తప్పుగా కనిపించింది. దారి పొడవునా తిట్టేవారు. బురద, పేడ విసిరేవారు. రాళ్ళు కూడా వేసేవారు. అందుచేత ఆమె వెంట మరో చీర తీసుకుని వెళ్ళేది. బడికి చేరాక పాడైన చీర మార్చుకుని, పిల్లల ముందు శుభ్రంగా నిలబడి పాఠం మొదలుపెట్టేది. ఇంటికి తిరిగి వెళ్ళేటప్పుడు మళ్ళీ ఆ పాత చీరే కట్టుకునేది. మళ్ళీ దారి ఉంది కదా!

ఆ రెండో చీర గురించి ఒక్క క్షణం ఆలోచించండి. అది ఏ హాజరు పట్టీలోనూ ఎక్కదు. ఆమె ఎన్ని గంటలకు బడికి వచ్చింది, ఎన్ని పాఠాలు చెప్పింది అన్నది రిజిస్టరులో రాసుకోవచ్చు. ఏ అవమానం దాటి వచ్చింది, చీర మార్చుకుంటూ మనసు ఎలా కుదుటపరచుకుంది అన్నదానికి కాలం లేదు. రోజూ రాత్రి ఆ చీర ఉతికి ఆరవేసిన శ్రమకూ కాలం లేదు.

ఆమెకు తోడుగా వెళ్ళడానికి ఒక మనిషిని కూడా ఏర్పాటు చేయవలసి వచ్చింది. ఒకరోజు ఒక బలిష్ఠుడు దారికి అడ్డం నిలిచి బెదిరించాడని, ఆమె వెనక్కి తగ్గకుండా అతని చెంప పగలగొట్టిందని చెబుతారు. ఆ తర్వాత దారిలో ఆగడాలు తగ్గాయట. ఈ కథ సభల్లో చెప్పినప్పుడు అందరూ చప్పట్లు కొడతారు. నాకు మాత్రం ఆ చెంపదెబ్బకు ముందు ఆమె ఓర్చుకున్న రోజులే ఎక్కువగా గుర్తుకు వస్తాయి.

ఇంట్లో జరిగింది

బయటివారితో ఆగలేదు. కులపెద్దల ఒత్తిడికి లొంగి మామగారు గోవిందరావు బడి మానండి, లేదా ఇల్లు విడవండి అని కొడుకుకు, కోడలికి తేల్చి చెప్పాడు. 1849లో ఆ దంపతులు ఇల్లు విడిచారు. వారికి ఆశ్రయమిచ్చినవాడు ఉస్మాన్ షేక్ అనే ముస్లిం మిత్రుడు. ఆ ఇంటి ఆడపడుచు ఫాతిమా షేక్ సావిత్రిబాయికి తోటి టీచరైంది.

పుట్టింట్లోనూ పరిస్థితి అంతే. 1856లో జబ్బు చేసి సావిత్రిబాయి నయగావ్ వెళ్ళింది. అక్కడ సోదరుడే ఆమెను తప్పుపట్టాడు. అంటరానివారికి చదువు చెప్పి కులానికి తలవంపులు తెస్తున్నారన్నాడు. జబ్బు మంచం మీద నుంచే ఆమె అతనికి నచ్చజెప్పి, ఆ సంగతంతా భర్తకు ఉత్తరం రాసింది. 1856 అక్టోబరు 10వ తేదీతో ఉన్న ఆ ఉత్తరం నేటికీ మనకు లభ్యమవుతోంది.

ఆ ఉత్తరంలో మరో చిన్న సంగతి ఉంది. తాను లేకపోవడం వల్ల ఫాతిమా మీద పనిభారం ఎక్కువై ఉంటుందని, అయినా ఆమె అర్థం చేసుకుంటుంది, సణుగుకోదని సావిత్రిబాయి రాసింది. వేలకొద్దీ సెలవు చీటీలు చూసిన నాకు ఈ మాట దగ్గర గుండె ఆగింది. ఒంట్లో బాగాలేక మంచాన పడిన మనిషి తన ఆరోగ్యం కంటే, తన క్లాసు కూడా చూసుకుంటున్న తోటి పంతులమ్మ గురించి బెంగపెట్టుకుంది. ఇద్దరు టీచర్లున్న బడిలో ఒకరు సెలవు పెడితే ఆ బరువు ఎక్కడ పడుతుందో, పెట్టినవారికి ఎంత సంకోచంగా ఉంటుందో మన సంఘంలోని రిటైర్డ్ టీచరమ్మలను అడిగితే చెబుతారు.

ఆ దంపతులకు సంతానం కలగలేదు. ఆ కాలంలో ఆ నింద ఎవరి మీద పడుతుందో వేరే చెప్పనక్కరలేదు. జ్యోతిరావును మళ్ళీ పెళ్ళి చేసుకోమని అయినవారు ఒత్తిడి చేశారు. ఆయన ససేమిరా అన్నాడు. ఇంట్లో ఒక్కరైనా తోడు నిలిస్తే ఆడమనిషి ఎంత దూరం నడవగలదో అనడానికి ఈ సంసారమే నిదర్శనం.

జీతం, సన్మానం

బడులు పేరు తెచ్చుకున్నాక ప్రభుత్వం గుర్తించింది. 1852 నవంబరులో పుణె విశ్రాంబాగ్ వాడలో సభ జరిపి, మేజర్ కాండీ చేతుల మీదుగా సన్మానం చేశారు. శాలువాలు కప్పించుకున్నది జ్యోతిరావు. ప్రధానోపాధ్యాయిని మాత్రం జీతం లేకుండానే పనిచేసింది.

అయితే జ్యోతిరావు ఆ ఘనత తన ఒక్కడిదే అనుకోలేదు. 1882లో హంటర్ విద్యా కమిషన్‌కు ఇచ్చిన వాంగ్మూలంలో, ఆ బడిని భార్యతో కలిసి నడిపానని రాసి ఇచ్చాడు. ప్రాథమిక పాఠశాల పంతుళ్ళకు మంచి జీతాలు ఇవ్వాలని కూడా అదే వాంగ్మూలంలో కోరాడు. కాగితం మీద పేరు ఉండడం ఎంత ముఖ్యమో మన గుమాస్తాలకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఫైలులో లేనిది లోకంలో లేనట్టే. ఆయన ఆ పేరు ఫైలులో ఉంచాడు.

సావిత్రిబాయి తన పేరు తాను కూడా నిలుపుకుంది. 1854లో, ఇరవై మూడేళ్ళ వయసులో కావ్యఫూలే అనే కవితా సంపుటి ప్రచురించింది. పదిహేనేళ్ళ కిందట అక్షరం ఎరుగని పిల్ల!

తరువాతి జీవితం

1857 తిరుగుబాటు తర్వాత విరాళాలు తగ్గి బడుల నిర్వహణ కష్టమైంది. కాని ఆమె పని ఆగలేదు. మోసపోయి గర్భవతులైన బ్రాహ్మణ వితంతువులు పసికందులను చంపుకోవలసిన దుస్థితి చూసి, 1863లో ఫూలే దంపతులు వారికోసం తమ ఇంట్లోనే ఆశ్రయం ఏర్పాటు చేశారు. ఆ తల్లులకు పురుళ్ళు పోసి, బిడ్డలను సాకింది సావిత్రిబాయి. వారిలో కాశీబాయి అనే వితంతువు కన్న బిడ్డను దత్తత తీసుకుని యశ్వంత్ అని పేరు పెట్టి పెంచి డాక్టరును చేశారు. 1868లో తమ ఇంటి నీళ్ళను అంటరానివారికి తెరిచారు. 1873లో సత్యశోధక సమాజం స్థాపించారు. 1877 కరవులో ఆమె జున్నర్ ప్రాంతంలో తిరుగుతూ అక్కడి దుస్థితిని, సహాయక కార్యక్రమాలను భర్తకు ఉత్తరం ద్వారా తెలియజేసింది.

1890 నవంబరు 28న జ్యోతిరావు కన్నుమూశాడు. అంత్యక్రియల వేళ నిప్పుకుండ ఎవరు పట్టాలన్న తగాదా వచ్చినప్పుడు సావిత్రిబాయి తానే పట్టుకుని శవయాత్ర ముందు నడిచింది. ఆడవాళ్ళు శ్మశానానికే వెళ్ళని రోజులవి. 1893లో సాస్వడ్‌లో జరిగిన సత్యశోధక సమాజ సభకు అధ్యక్షత వహించింది.

1897లో పుణెలో ప్లేగు వచ్చింది. యశ్వంత్ ఊరి బయట వైద్యశాల పెట్టాడు. అరవై ఆరేళ్ళ సావిత్రిబాయి రోగులను అక్కడికి చేర్చే పనిలో పడింది. ముంఢ్వా దళితవాడలో ప్లేగు సోకిన ఒక పిల్లవాణ్ణి తన వీపున మోసుకుని తెచ్చింది. ఆ పిల్లవాడు బతికాడు. ఆమెకు ప్లేగు అంటుకుని 1897 మార్చి 10న కన్నుమూసింది. ఏ వీధుల్లో బురద చల్లించుకుందో ఆ ఊరి పిల్లవాడి కోసమే ప్రాణం ఇచ్చింది.

నా టేబులు మీది మెమో

ఈ వ్యాసం రాయడానికి నేనెందుకు ఒప్పుకున్నానో ఇప్పుడు చెప్పాలి.

1980ల నాటి మాట. నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సీటులో ఉన్నాను. ఒక ఏకోపాధ్యాయ పాఠశాల పంతులమ్మ నెలలో మూడుసార్లు ఆలస్యంగా వచ్చిందని తనిఖీ నివేదిక వచ్చింది. సంజాయిషీ కోరుతూ మెమో డ్రాఫ్టు చేసింది నేనే. ఆమె జవాబు రాసుకుని స్వయంగా ఆఫీసుకు వచ్చింది. కాగితంలో బస్సు ఆలస్యమైందని, మన్నించమని మాత్రమే ఉంది. కానీ నా టేబులు ముందు నిలబడి, అడగకుండానే మరికొంత చెప్పింది. బస్సు దిగిన దగ్గర నుంచి ఊళ్ళోకి మూడు కిలోమీటర్లు నడవాలి. అడ్డదారిలో కల్లు దుకాణం దగ్గర కొందరు కూర్చుని రోజూ నోటికొచ్చినట్టు వాగుతున్నారు. ఒకరోజు కొంగు పట్టి లాగారు. అప్పటినుంచి చెరువుకట్ట మీదుగా చుట్టూ తిరిగి వెళుతోంది. ఇంట్లో చంటిబిడ్డ. బడిలో మరుగుదొడ్డి లేదు కనుక, ఉదయం నుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళు కూడా తాగదు.

ఇవన్నీ కాగితం మీద ఎందుకు రాయలేదని అడిగాను. రాస్తే ఆ కాగితం పదిమంది చేతుల్లో తిరుగుతుందని, ఊళ్ళో తెలిస్తే భర్త ఉద్యోగం మాన్పిస్తాడని చెప్పింది.

నేనేం చేశాను? కాగితం మీద ఉన్నదాన్నే చూశాను. సంజాయిషీ సంతృప్తికరంగా లేదని నోట్ రాసి పైకి పంపాను. మూడు రోజుల జీతం కోత పడింది. రూలు ప్రకారం నా నోట్‌లో తప్పు లేదు. ఆడిటువారు కూడా ఏ అభ్యంతరమూ చెప్పలేదు. నోట్ చివర ఆమెకు దారిలో ఇబ్బంది ఉందని, బదిలీ పరిశీలించవచ్చునని ఒక్క వాక్యం, పేర్లు వివరాలు లేకుండా రాసి ఉండవచ్చు. అలా రాసే వీలు నాకు ఉంది. రాయలేదు. ఆ సంవత్సరమే ఆమె ఉద్యోగానికి రాజీనామా చేసింది. ఆ రాజీనామా ఆమోదించిన ప్రొసీడింగ్స్ కూడా నేనే టైపు చేయించాను.

కొన్నేళ్ళకు మా కోడలు టీచరై మొదటి పోస్టింగులో చేరింది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి వంట చేసి, మా ఇద్దరికీ టిఫిను పెట్టి, పిల్లవాణ్ణి తయారుచేసి, రెండు బస్సులు మారి వెళ్ళేది. ఒకనాడు జోరున వాన. ఆమె సంచిలో మరో చీర మడిచి పెట్టుకోవడం చూశాను. తడిసిన చీరతో పిల్లల ముందు ఎలా నిలబడతాను మామయ్యా అని నవ్వింది. ఆ పూట నాకు ఆ పాత మెమో గుర్తొచ్చింది. సావిత్రిబాయి గురించి అప్పటికి నాకు తెలియదు. తర్వాత ఆమె రెండో చీర గురించి చదివినప్పుడు, పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

మనం చేయదగినది

కాలం మారిందని మనం అంటాం. కొంత మారింది, నిజమే. పంతులమ్మ మీద పేడ విసిరేవారు ఇప్పుడు లేరు. ప్రసూతి సెలవులు వచ్చాయి. చాలా బడుల్లో మరుగుదొడ్లు వచ్చాయి. కాని దారి ఇంకా ఉంది. ఇంట్లో చేయవలసిన చాకిరీ ఇంకా ఉంది. సెలవు పెడితే తోటి టీచరు మీద భారమన్న సంకోచం ఇంకా ఉంది. ప్రైవేటు బడుల్లో చాలీచాలని జీతానికి పనిచేస్తున్న ఆడపిల్లలకు సర్వీసు రిజిస్టరే లేదు.

పెద్దవయసులో మనం చేయగలిగింది చాలా లేదు. ఉన్నది మాత్రం చేయవచ్చు. టీచరుగా పనిచేసే కూతురో కోడలో ఉన్న ఇంట్లో, పొద్దున్నే మన కాఫీ మనం కలుపుకోవచ్చు. మనవడిని బడి బస్సు ఎక్కించి రావచ్చు. మన సంఘం జనవరి 3న రిటైర్డ్ టీచరమ్మలను పిలిచి శాలువాలు కప్పుతోంది. అది సంతోషమే. అయితే శాలువా కప్పి, జ్యోతి వెలిగించమని చెప్పి పంపేయకుండా, ఒక్కొక్కరికీ పది నిమిషాలు మైకు ఇచ్చి, వారు తమ మొదటి బడికి ఏ దారిన, ఎలా వెళ్ళారో చెప్పమని అడగాలని కార్యదర్శిగారికి నా సవినయ మనవి. ఆ మాటలు రాసుకోవడానికి నేను వస్తాను. రాత పని నాకు అలవాటే.

ఆనాడు నోట్ ఫైలులో రాయకుండా వదిలేసిన ఆ ఒక్క వాక్యం బాకీ నా మీద ఉంది. ఆ పంతులమ్మ ఇప్పుడు ఎక్కడ ఉందో నాకు తెలియదు. ఈ వ్యాసం ఏ ఇంట్లోనైనా ఆమె కంటపడితే, ఆలస్యంగా ఇస్తున్న నా సంజాయిషీగా దీన్ని స్వీకరించాలని కోరుతున్నాను. సంతృప్తికరంగా ఉన్నదో లేదో ఆమే నిర్ణయించాలి.

సెలవు.